నర్సు బ్యాగులో మార్ఫిన్: ఆర్.ఎం.ఐ. గుర్తింపుకు దరఖాస్తు ఎలా చేయాలి

నర్సంపేట దాటాక ఏదో ఒక పల్లెలో గొంతు కేన్సర్ పేషెంట్ ఉన్నాడనుకుందాం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయే ఓపిక ఇంట్లోవాళ్లకు అయిపోయింది. నాలుగు గంటలకోసారి నొప్పిని అణిచే మార్ఫిన్ గోలీ పడితేనే ఆయనకు కాస్త కునుకు. హన్మకొండ నుంచి నర్సు స్కూటీ మీద వారానికోసారి పోయి మందు ఇచ్చి రావాలి. దారిలో పోలీసులు బండి ఆపి బ్యాగు తెరవమంటే ఏం చెప్పాలి? హోం కేర్ మొదలుపెట్టే ప్రతి చిన్న సంస్థకూ ముందు వచ్చే టెన్షన్ ఇదే. హన్మకొండలో హోం కేర్ నడిపే మా ట్రస్టుకూ ఇదే వచ్చింది.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "నర్సు పేరు మీద లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలి?" అని. అట్లాంటి లైసెన్స్ లేదు. మత్తుమందుల చట్టం, అంటే 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం కింద ఉన్న నియమాల్లో మార్ఫిన్ దగ్గర ఉంచుకునే హక్కు నర్సుకు విడిగా ఇవ్వలేదు. స్టాక్ సంస్థది, మందు రాసిచ్చే చీటీ డాక్టరుది, మందు పేషెంటుది. నర్సు ఈ ముగ్గురి మధ్య నడిచే మనిషి. కాబట్టి 'గుర్తింపు పొందిన వైద్య సంస్థ' (ఆర్.ఎం.ఐ.) అనే గుర్తింపుకు దరఖాస్తు పెట్టాల్సింది సంస్థ.

డాక్టరు బ్యాగులో పెట్టుకుపోతే సరిపోదా అంటే, లెక్క చూడండి. రిజిస్టరైన డాక్టరు తన ప్రాక్టీసు కోసం 500 మిల్లీగ్రాముల వరకు మార్ఫిన్ ఉంచుకోవచ్చు. అది కూడా స్వయంగా పేషెంటుకు ఇవ్వడానికే, అమ్మడానికో పంచడానికో కాదు. 10 మిల్లీగ్రాముల గోలీలైతే 50 అన్నమాట. నాలుగు గంటలకు ఒకటి చొప్పున రోజుకు ఆరు. ఒక్క పేషెంటుకే ఎనిమిది రోజులు దాటదు. పర్కాల రూట్లో ఐదుగురు పేషెంట్లుంటే రెండో రోజుకే ఖాళీ.

2014లో చట్టాన్ని సవరించి 'అత్యావశ్యక మాదక ఔషధాలు' అనే కొత్త వర్గం తెచ్చారు. 2015 మే నెలలో వాటికి దేశమంతా ఒకే నియమాలు వచ్చాయి. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ ఈ ఆరూ అందులో ఉన్నాయి. అంతకుముందు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి. నాలుగైదు లైసెన్సులు ఒకేసారి చెల్లుబాటులో ఉంటే తప్ప మందు కదిలేది కాదు. ఒకటి వచ్చేలోపు ఇంకోదాని గడువు తీరేది. ఇప్పుడు ఒక్క గుర్తింపు చాలు: 'గుర్తింపు పొందిన వైద్య సంస్థ'. అందరూ ఆర్.ఎం.ఐ. అనే అంటారు. ఇచ్చేది రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్, అంటే మనకు హైదరాబాద్‌లోని ఔషధ నియంత్రణ విభాగం.

దరఖాస్తుకు ముందు

అన్నిటికంటే ముందు కావాల్సింది డాక్టరు. ఎంబీబీఎస్ ఒక్కటే ఉంటే చాలదు, నొప్పి నివారణ, పాలియేటివ్ కేర్‌లో (నయంకాని జబ్బులో బాధ తగ్గించే వైద్యంలో) శిక్షణ పొందిన సర్టిఫికెట్ ఉండాలి. ఈ శిక్షణకు మన వైపు వాళ్లు ఎక్కువగా పోయేది హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రికి. ఇద్దరు ముగ్గురు డాక్టర్లుంటే ఒకరిని మొత్తానికి బాధ్యుడిగా రాసివ్వాలి. నా మాట వింటే ఇద్దరికి తక్కువ కాకుండా చూసుకోండి. ఉన్న ఒక్క డాక్టరు పెళ్లికో పరీక్షకో పోతే చీటీ రాసేవారుండరు, గోలీలు అల్మారాలోనే ఉంటాయి, పేషెంటు మాత్రం రాత్రంతా మూలుగుతుంటాడు.

నర్సులకు తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక్కడ ఒక మాట. మన దగ్గర ఏజెన్సీలు 'హోం నర్సు' అని పంపేవాళ్లలో చాలామంది నర్సింగ్ చదవనివాళ్లే. పక్క మార్చడానికి, స్నానం చేయించడానికి వాళ్లు చాలా అవసరం. కానీ మార్ఫిన్ డబ్బా తాళం వాళ్ల చేతికి ఇవ్వకండి.

స్టాక్ పెట్టే చోటు కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. గోడకు బిగించిన ఇనుప అల్మారా, లోపల ఇంకో తాళం. ఒక తాళంచెవి డాక్టరు దగ్గర, ఇంకోటి ఇన్‌చార్జి నర్సు దగ్గర. స్టాక్‌కు తగిన భద్రత ఉండాలని నియమం చెబుతుంది. రెండు తాళాల పద్ధతి మేం పెట్టుకున్నది.

ఫారం 3ఎఫ్

దరఖాస్తు ఫారం పేరు 3ఎఫ్. చూస్తే చిన్నదే. సంస్థ పేరు, చిరునామా, బాధ్యుడి పేరు, డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది ఎంతమంది, పోయిన క్యాలెండర్ సంవత్సరంలో ఎంతమంది పేషెంట్లను చూశారు, చీటీ రాసే డాక్టర్లు ఎవరు, ఇంతకుముందు గుర్తింపు రద్దయిందా అనే వివరాలు అడుగుతారు. దీనికి సంస్థ రిజిస్ట్రేషన్, డాక్టర్ల మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, శిక్షణ సర్టిఫికెట్ల నకళ్లు జతచేయండి.

మేం బోల్తాపడ్డది చిరునామా దగ్గర. మా ట్రస్టు కాగితాల్లో జిల్లా 'వరంగల్ అర్బన్' అని ఉంది. 2021లో అది హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది. ఫారంలో కొత్త పేరు రాశాం, జతచేసిన కాగితాల్లో పాతది. ఏది నిజమని అడిగితే జవాబు చెప్పేసరికి నెల పోయింది. మీ కాగితాలు పాతవైతే, ఇల్లు మారలేదు, జిల్లా పేరే మారిందని ఒక వివరణ లేఖ ముందే పెట్టండి.

పోయిన ఏడాది పేషెంట్ల సంఖ్య రాసేటప్పుడు పెంచి రాయకండి. తర్వాత మీరు అడిగే మార్ఫిన్ కోటాను దానితోనే పోల్చి చూస్తారు. తనిఖీకి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే అల్మారా, రిజిస్టరు, డాక్టరు ముగ్గురూ కనబడాలి. అన్నీ సరిగ్గా ఉంటే 3జి ఫారంలో గుర్తింపు పత్రం వస్తుంది. మూడేళ్లు చెల్లుతుంది.

పత్రం రాగానే మందు రాదు. ఏడాదికి ఎంత కావాలో 3జెలో అంచనా పంపాలి, ఇది ఏటా ఉంటుంది. వచ్చిన ప్రతి గోలీ, పోయిన ప్రతి గోలీ 3హెచ్ రిజిస్టరులో పడాలి. ఏడాది ముగిశాక ఎంత వాడారో 3ఐలో చెప్పాలి. చివరి ఎంట్రీ పడ్డాక రెండేళ్లు రిజిస్టరు దాచాలి. లెక్క రాయకపోయినా, తప్పుడు లెక్క రాసినా చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

బ్యాగు సర్దడం

ఉట్టి స్ట్రిప్పులు బ్యాగులో పడేసుకుని ఊరిమీద పోవడం మేం మానేశాం. తన కోసం ఇచ్చిన మందును పేషెంటు దగ్గర ఉంచుకోవచ్చని నియమం స్పష్టంగానే చెబుతుంది. అందుకే పొద్దున్నే కేంద్రంలోనే డాక్టరు చీటీ చూసి, ఒక్కో పేషెంటు పేరు, ఊరు, గోలీల సంఖ్య రాసిన కవర్లలో వేసి మూతపెడతాం. ప్రతి కవరుకు చీటీ జిరాక్సు పిన్ను చేస్తాం. బ్యాగులో గుర్తింపు పత్రం నకలు, ఆ రోజు రూటు రాసిన లెటర్‌హెడ్ లేఖ, నర్సు ఐడీ కార్డు. గూడూరు వైపు ఒకసారి బండి ఆపారు. కవర్లు, లేఖ చూసి రెండు నిమిషాల్లో పంపించారు.

ఇంటికి పోయాక స్టీలు పళ్లెంలో గోలీలు పోసి ఇంట్లో ఒకరితో కలిసి లెక్కబెట్టాలి. 42 ఇచ్చాం అంటే 42 అని వాళ్లు సంతకం పెట్టాలి, సంతకం రాకుంటే వేలిముద్ర. పోయినవారం ఖాళీ స్ట్రిప్పులు వెనక్కి తీసుకోవాలి. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది కాబట్టి దాని మందు ఇచ్చారో లేదో అడగాలి. అది మరిస్తే నాలుగో రోజుకు పేషెంటే మార్ఫిన్ వద్దంటాడు. ఇంజెక్షన్ అయితే డాక్టరు రాతపూర్వక ఆర్డరు లేకుండా ముట్టుకోవద్దు. ఆంప్యూల్‌లో, అంటే మందున్న గాజు బుడ్డిలో, సగం మిగిలితే సాక్షి ముందు పారబోసి, ఎంత పారబోశారో రాసి, ఖాళీ గాజు వెనక్కి తేవాలి. సూది తెల్ల డబ్బాలో, గాజు నీలం డబ్బాలో.

ఇంకో నొప్పి మందు ట్రమడాల్ సంగతి వేరు. 2018 నుంచి అది కూడా ఎన్.డి.పి.ఎస్. కిందకే వచ్చింది, కానీ మాదక ఔషధంగా కాదు, సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) మందుగా. దానికి ఆర్.ఎం.ఐ. గుర్తింపు అక్కర్లేదు. పేషెంటు దగ్గర ఒకసారికి 100 డోసుల వరకు ఉండొచ్చు. ఎక్కువకాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే 300 దాకా. మందుల షాపు బిల్లు, చీటీ ఇంట్లోవాళ్లు పారేయకుండా చూడండి.

పేషెంటు పోయాక మిగిలిన గోలీల గురించి అడగడం కష్టం. దశదినకర్మ అయ్యేదాకా ఆగుదామని మొదట్లో అనుకునేవాళ్లం. ఒక ఇంట్లో ఈలోపు పక్కింటాయన నడుం నొప్పికి రెండు అడిగి తీసుకుపోయాడు. అప్పటినుంచి మూడో రోజే పోతున్నాం. పలకరించి, ఛాయ్ తాగి, లేచేటప్పుడు అడుగుతాం. మిగిలినవి లెక్కబెట్టి సంతకం తీసుకుని, కేంద్రంలో వేరుగా రాసి తాళం వేస్తాం. వాటిని ఇంకో పేషెంటుకు ఇవ్వం. ఏం చేయాలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసి, ఆయన చెప్పినట్టు చేస్తాం.