ఐదు, ఆరు తరగతుల పిల్లలకి హాలోవీన్ దయ్యాల సినిమా పార్టీ

తొమ్మిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఉన్న పిల్లలకి హాలోవీన్ పార్టీ పెడుతున్నారంటే సగం పని సినిమా ఎంచుకోవడమే. మరీ చిన్నపిల్లలది పెడితే “ఇది బేబీ మూవీ ఆంటీ” అని మొహం మీదే అంటారు. వాళ్ళు అడిగింది పెడితే ఆ రాత్రి నాలుగిళ్ళలో లైట్లు ఆర్పనివ్వరు. నేను పాటించే లెక్క ఒక్కటే: వచ్చేవాళ్ళలో అందరికంటే త్వరగా భయపడేది ఎవరో ముందు తెలుసుకోవాలి, ఆ పిల్ల కూర్చుని చూడగలిగే సినిమా పెట్టాలి. మన పిల్లలు ఎంత ధైర్యవంతులన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా అమ్మాయి ఐదో తరగతి. ఈ వయసు పిల్లలకి భయపడాలని ఎంత సరదాగా ఉంటుందో, భయపడినట్టు పక్కవాళ్ళకి తెలియకూడదని అంతకు రెట్టింపు పట్టుదల ఉంటుంది. పార్టీ మొత్తం ఈ రెండో సంగతిని దృష్టిలో పెట్టుకుని ప్లాన్ చేయాలి.

ముందు తేదీ. అక్టోబరు 31న పెట్టకండి. ఆ సాయంత్రం పిల్లలంతా సంచులు పట్టుకుని ట్రిక్ ఆర్ ట్రీట్ అంటూ చాక్లెట్ల కోసం వీధిలో ఇంటింటికీ తిరుగుతారు, ఇంట్లో కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. అంతకు ముందు వచ్చే శుక్రవారమో శనివారమో మంచిది. మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. బతుకమ్మ, దసరా, దీపావళి పార్టీలన్నీ ఆ నాలుగైదు వారాంతాల్లోనే పడతాయి. అందుకే సెప్టెంబరులోనే నలుగురైదుగురు తల్లులకి ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. ఎనిమిది మంది పిల్లలు చాలు. పది దాటితే సినిమా వేళకి గదిలో రెండు జట్లు తయారవుతాయి, ఒకటి చూసే జట్టు, ఒకటి అల్లరి చేసే జట్టు.

రాత్రి పడుకునే పార్టీ పెట్టొద్దనే నా సలహా. మన తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లల్ని వేరే ఇంట్లో పడుకోనివ్వరు. పైగా దయ్యాల సినిమా చూశాక కొత్త ఇంట్లో, కొత్త గదిలో పడుకోవడం పిల్లలకీ కష్టమే. నైట్ డ్రెస్‌లో రమ్మని, దిండు తెచ్చుకోమని, తొమ్మిదిన్నరకి ఇళ్ళకి పంపేస్తే పిల్లలకి స్లీపోవర్ సరదా తీరుతుంది, పెద్దలకి నిశ్చింత.

పిలిచేటప్పుడు సినిమా పేరు చెప్పి పిలవండి. “స్కేరీ మూవీ వేస్తున్నాం” అంటే ఒక్కొక్కరు ఒక్కోలా ఊహించుకుంటారు. నేను వాట్సాప్‌లో ఇలా పెడతాను: “శనివారం సాయంత్రం 5:30 నుంచి 9:30 వరకు మా ఇంట్లో హాలోవీన్ పార్టీ. పిల్లలకి మాన్‌స్టర్ హౌస్ వేస్తున్నాం. రేటింగ్ పీజీ, గంటన్నర. మనుషుల్ని మింగే ఇల్లు ఉంటుంది, నెత్తుటి సీన్లు ఉండవు. మీ వాళ్ళకి సరిపడదనిపిస్తే నాకు విడిగా చెప్పండి, పక్కగదిలో ఆటలు కూడా పెడుతున్నాం. అలర్జీలు, వెజ్, ఎగ్ సంగతి కూడా రాయండి.” విడిగా చెప్పండి అన్న మాట తప్పకుండా ఉంచండి. గ్రూపులో అందరి ముందు “మావాడు భయపడతాడండీ” అని రాయడానికి ఏ తల్లికీ మనసొప్పదు. కొన్ని కుటుంబాలు, ముఖ్యంగా కొందరు క్రైస్తవులు, అసలు హాలోవీన్ జరుపుకోరు. వాళ్ళు రాలేమంటే కారణం అడక్కుండా ఇంకోరోజు పిల్లల్ని భోజనానికి పిలవండి.

ఇక సినిమా సంగతి. అమెరికాలో పీజీ అంటే తల్లిదండ్రులు చూసుకోమని, పీజీ-13 అంటే పదమూడేళ్ళ లోపు పిల్లలకి కొన్ని సీన్లు తగకపోవచ్చని హెచ్చరిక. ఈ వయసుకి పీజీ దగ్గర ఆగండి. అయితే పాత సినిమాల పీజీని గుడ్డిగా నమ్మొద్దు. పీజీ-13 అనే రేటింగే 1984లో వచ్చింది. అంతకు ముందు వచ్చిన గట్టి సినిమాలు కూడా పీజీ కిందే ఉండిపోయాయి. 1982లో వచ్చిన పోల్టర్‌గైస్ట్ పీజీయే, కానీ అందులో ఒకతను అద్దం ముందు నిలబడి తన మొహాన్ని తనే పీక్కుంటున్నట్టు భ్రమపడే సీన్ ఉంది. పదేళ్ళ పిల్లలకి అది వద్దు. 1984 నాటి గ్రెమ్లిన్స్‌లో భయం ఒక ఎత్తు, శాంటా క్లాజ్ నిజం కాదని ఒక పాత్ర చెప్పేయడం ఇంకో ఎత్తు. వెంట వచ్చిన తమ్ముడో చెల్లెలో ఆ మాట వింటే మీకు ఫోన్లు వస్తాయి.

నా మొదటి ఓటు 2006లో వచ్చిన మాన్‌స్టర్ హౌస్‌కి. అందులో ముఖ్యపాత్రలు మన పిల్లల ఈడువాళ్ళే, కథ జరిగేది హాలోవీన్‌కి అటూ ఇటూ. ఎదురింటి ముసలాయన ఇల్లు బతికే ఉందని ముగ్గురు పిల్లలు కనిపెడతారు, పెద్దవాళ్ళు నమ్మరు. ఈ వయసు పిల్లల్ని పెద్దలు నమ్మకపోవడం కంటే బాగా తగిలే విషయం లేదు. ఇల్లు మింగినవాళ్ళు చివర్లో పేర్లు పడుతుండగా బయటికొస్తారు కాబట్టి సినిమా పూర్తిగా అయ్యేదాకా ఆపకండి. ఆ కాసేపు చూస్తే పిల్లలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

2012లో వచ్చిన పారానార్మన్ కూడా గంటన్నరే. చనిపోయినవాళ్ళతో మాట్లాడగలిగే పిల్లవాడి కథ. మొదట్లోనే చనిపోయిన నాయనమ్మ సోఫాలో కూర్చుని వాడితో కబుర్లు చెబుతూ టీవీ చూస్తుంటుంది. జాంబీలు ఉన్నా మనసుకి పట్టేది ఒక చిన్నపిల్లకి జరిగిన అన్యాయం. కాస్త ఆలోచించే పిల్లలైతే ఇది పెట్టండి. 2009 నాటి కోరలైన్ మాత్రం జాగ్రత్త. బొమ్మల సినిమాలా కనిపిస్తుంది, కానీ కళ్ళ స్థానంలో గుండీలున్న ఇంకో అమ్మ ప్రేమగా పిలిచి, నీ కళ్ళకి కూడా గుండీలు కుట్టించుకోమంటుంది. ఈ వయసుకి రాక్షసుల భయం తగ్గి, జరగడానికి వీలున్న భయాలు పెరుగుతాయి. అమ్మానాన్న కనబడకపోవడం, ఎవరో ఎత్తుకెళ్ళడం, ఇంట్లోకి దొంగ రావడం లాంటివి. అందుకే పన్నెండేళ్ళవాళ్ళు కూడా జాంబీలకి నవ్వి కోరలైన్‌కి బిగుసుకుపోతారు. అందరూ పుస్తకమో సినిమానో ముందే చూసినవాళ్ళయితేనే పెట్టండి. హోకస్ పోకస్ (1993) సరదాగా ఉంటుంది గానీ అందులో ‘వర్జిన్’ అన్న మాట పదేపదే వస్తుంది. ఎనిమిది మంది పిల్లలు ఒకేసారి “అంటే ఏంటి ఆంటీ” అని అడుగుతారని తెలిసి వేయండి.

ఏది ఎంచుకున్నా, ముందు వారంలో మీరు ఒక్కరే కూర్చుని పూర్తిగా చూడండి. ఎప్పుడో కాలేజీలో చూసిన గుర్తు పనికిరాదు. కామన్ సెన్స్ మీడియా సైట్‌లో ఏ సీన్‌లో ఏముందో, ఏ వయసుకో వివరంగా ఉంటుంది, అదీ చదవండి. ముందురోజే సినిమా అద్దెకి తీసుకుని టీవీలో తెరిచి చూసుకోండి. ఆటోప్లే ఆపేయండి. లేకపోతే సినిమా అవ్వగానే కొన్ని సెకన్లలో మనం వద్దనుకున్నదేదో దానంతటదే మొదలవుతుంది.

ఇల్లు సర్దడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గుమ్మడికాయ మూత నిటారుగా కోయకుండా కత్తిని లోపలికి వాల్చి కోస్తే మూత లోపలికి పడిపోదు. రెండుమూడు రోజుల ముందే కోయండి, టెక్సాస్ ఎండకి వారం ఆగదు. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి, పొడుగు కాస్ట్యూములు వేసుకున్న పిల్లలు దాని పక్కనుంచే పరిగెడతారు. పొగ కోసం డ్రై ఐస్ వద్దు. అది మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉన్నప్పుడు పుర్రెలూ ఎముకలూ ఇంట్లో పెట్టనివ్వలేదు, పక్కనే బొమ్మల కొలువు ఉంది మరి. అవన్నీ గరాజ్‌కి మార్చాం. అమ్మే ఒక ఉపాయం చెప్పింది. నల్ల చార్ట్ మీద సుద్దముక్కతో “ఓ స్త్రీ రేపు రా” అని రాసి తలుపుకి అంటించింది. ఒకప్పుడు మన ఊళ్ళలో రాత్రిపూట తలుపు తట్టే దయ్యం ఇంట్లోకి రాకుండా తలుపుల మీద రాసుకున్న మాట అది. దయ్యం చదివి, రేపు వద్దాంలే అనుకుని వెళ్ళిపోతుంది, రేపొచ్చినా అదే రాత. పిల్లలకి ఈ తెలివి తెగ నచ్చింది. తెలుగు రాయడం రానివాళ్ళు కూడా ఆ అక్షరాలు చూసి దించుకుని తమ గది తలుపుకి పెట్టుకుంటామని తీసుకెళ్ళారు. మీ ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే సినిమాకి ముందు పదిహేను నిమిషాలు వాళ్ళకివ్వండి. టార్చిలైటు వెలుగులో కొరివిదయ్యం కథ చెబితే ప్రొజెక్టర్ అవసరం కూడా ఉండదు.

చీకట్లో చేతులు పెట్టి చూసే అట్టపెట్టెల ఆట ఈ వయసుకి సరిగ్గా సరిపోతుంది. చెప్పుల డబ్బాకి చెయ్యి దూరేంత కన్నం చేసి, లోపల గిన్నెలో తొక్క తీసిన ద్రాక్షపళ్ళు వేస్తే అవి కళ్ళు. ఉడికించి, చల్లార్చి, కాస్త నూనె రాసిన సేమ్యా పెడితే నరాలు. సేమ్యాని కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే చల్లదనానికే కేకలు పెడతారు. పక్కన తువ్వాలు మర్చిపోకండి.

తిండి దగ్గర రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి పల్లీలు. హాలోవీన్ చాక్లెట్లలో చాలావాటిలో పల్లీలుంటాయి, మన చట్నీల్లోనూ అవే. ఒక్క పిల్లకి అలర్జీ ఉన్నా ఆ రోజుకి పల్లీ చట్నీ, పల్లీ చాక్లెట్లు రెండూ మానేయండి. రెండోది జెలటిన్. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు దాన్ని. మార్ష్‌మెలోలు, క్యాండీ కార్న్, చాలా గమ్మీల్లో ఉంటుంది. శాకాహార కుటుంబాల పిల్లలు వస్తుంటే ప్యాకెట్ వెనక చదివి, పళ్ళ నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవి కొనండి. మిగతాదంతా తేలిక. బుల్లి ఇడ్లీ మీద నల్ల ఆలివ్ చక్రం పెట్టి, చుట్టూ టొమాటో పచ్చడితో సన్నటి గీతలు గీస్తే ఎర్రబడిన కంటిగుడ్డు. పనీర్ ముక్కలకి పిజ్జా పిండి పట్టీలు చుట్టి బేక్ చేస్తే మమ్మీలు. గుమ్మడికాయ గింజలు కడిగి, ఆరబెట్టి, ఉప్పుకారం చల్లి వేయించండి, సినిమా టైములో పాప్‌కార్న్ కంటే ముందు అవే అయిపోతాయి.

అక్టోబరు చివర్లో డాలస్‌లో ఏడింటికల్లా చీకటి పడుతుంది. ఐదున్నర నుంచి ఆటలు, ఆరున్నరకి తిండి, ఏడుంబావుకి సినిమా. వెంట వచ్చిన చిన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళకి మేడమీద ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి 1966 నాటి చార్లీ బ్రౌన్ గ్రేట్ పంప్‌కిన్ కార్టూన్ వేయండి. అది అరగంట లోపే అయిపోతుంది, తర్వాత రంగులు వేసుకుంటారు. ఫోన్లు ఒక బుట్టలో పెట్టించండి. సినిమా కంటే ఫోన్‌లో ఎవరో చూపించే క్లిప్పులే ఎక్కువ హాని చేస్తాయి.

సినిమా మొదలుపెట్టే ముందు నేనొకటి చేయిస్తాను. అదే సినిమా ట్రైలర్‌ని మొదట మ్యూట్‌లో వేసి, వెంటనే సౌండ్‌తో మళ్ళీ వేస్తాను. సౌండ్ లేనప్పుడు ఒక్కరూ ఉలిక్కిపడరు. రెండోసారి మాత్రం దిండ్లు ఎగురుతాయి. సంగీతం ఠక్కున ఆగిపోయిందంటే ఏదో మీదకి రాబోతోందని వాళ్ళకే అర్థమవుతుంది. ఇక సినిమా అంతా “ఆగింది, ఆగింది, ఇప్పుడొస్తుంది” అని గుసగుసలు. కళ్ళు మూసుకుంటే సరిపోదు, చెవులు మూసుకోవాలని కూడా తెలుస్తుంది. మీరు కూడా సౌండ్ మామూలుగా పెట్టేదానికంటే కాస్త తగ్గించి, గది మూలలో ఒక చిన్న దీపం వెలగనివ్వండి.

గదిలోంచి లేచి వెళ్ళే దారి గౌరవంగా ఉండాలి. పక్కగదిలో లైట్లు వేసి, క్యారమ్స్ బోర్డు, సమోసాలు పెట్టి, ఎప్పుడైనా ఎవరైనా వెళ్ళొచ్చని సినిమాకి ముందే అందరికీ చెప్పండి. నేను వెనక వరసలో కూర్చుని తెర కంటే పిల్లల్నే ఎక్కువ చూస్తుంటాను. దుప్పటి ముక్కుదాకా లాక్కుని, కదలకుండా, ఏదీ తినకుండా కూర్చున్నదంటే ఆ పిల్లకి కష్టంగా ఉందని అర్థం. కేకలు పెట్టేవాళ్ళకి ఫరవాలేదు. అప్పుడు “భయమేస్తోందా?” అని అడగొద్దు. “అమ్మలూ, పాప్‌కార్న్ పోయాలి, ఒక చెయ్యి వెయ్యవా” అని వంటింటికి పిలవండి. కాసేపయ్యాక తిరిగి వెళ్తుందో, క్యారమ్స్ దగ్గరికి వెళ్తుందో తనే తేల్చుకుంటుంది. ఒకరిద్దరు ముందునుంచే అలా ఉంటారని తెలిస్తే వాళ్ళ చేతికి రిమోట్ ఇవ్వండి. ఎప్పుడు ఆపాలన్నది తమ చేతిలో ఉంటే సగం భయం పోతుంది.

సినిమా అవ్వగానే పంపేయకండి. లైట్లన్నీ వేసి, కేక్ కోసి, అంత్యాక్షరో డమ్ షరాడ్సో అరగంట ఆడించండి. నవ్వుకుంటూ కార్లు ఎక్కాలి.

మర్నాడు పొద్దున తల్లులకి ఒక మెసేజ్ పెట్టండి, రాత్రి బాగా పడుకున్నారా అని. ఎవరైనా నిద్రపోలేదంటే “ఇందులో భయపడ్డానికేముంది” అని కొట్టిపారేయొద్దని, పగటిపూట ఆ సీన్ వాళ్ళచేతే చెప్పించమని, బొమ్మ వేయించమని చెప్పండి. ఆ సినిమా ఎలా తీశారో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, అవి బాగా పనిచేస్తాయి. పారానార్మన్, కోరలైన్ రెండూ జానెడు బొమ్మల్ని ఒక్కొక్క ఫ్రేముకీ చేత్తో కాస్త కాస్త జరుపుతూ తీసినవే, సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు. గ్లూ మరకల చేతులతో ఒకమ్మాయి ఆ దయ్యం కనుబొమ్మ మారుస్తుంటే చూసిన పిల్లలు సాయంత్రానికి ఇంట్లో క్లే ఎక్కడుందని వెతుక్కుంటారు.