కవచం లేని క్యారెక్టర్‌ను తయారు చేసుకోవడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (ఒక్కొక్కరూ ఒక సాహసి పాత్రను నడిపే ఆట) కవచం లేని క్యారెక్టర్ అనగానే, మొదటి పోరులోనే పడిపోతుందని చాలామంది వెనకాడతారు. లెక్క సరిగ్గా వేసుకుంటే ఆ బెంగ అక్కర్లేదు. ఇక్కడ 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలనే తీసుకుంటున్నాను.

ముందు రక్షణ ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చుకోండి. ఒంటిమీద ఏమీ లేకపోతే ఎవరికైనా ఆర్మర్ క్లాస్, అంటే ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె), 10కి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) మాడిఫయర్ కలిపినంత. మాడిఫయర్ అంటే ఆ గుణం స్కోరును బట్టి వచ్చే చిన్న అంకె. క్లాసు, అంటే క్యారెక్టర్ వృత్తి, మాంక్ (పోరాట విద్య నేర్చిన సన్యాసి) అయితే దానిపైన విజ్‌డమ్ (వివేకం) మాడిఫయర్ కూడా కలుస్తుంది, కానీ డాలు పట్టకూడదు. బార్బేరియన్‌కు (ఆవేశంతో పోరాడే యోధుడు) కాన్‌స్టిట్యూషన్ (దేహ దారుఢ్యం) మాడిఫయర్ కలుస్తుంది, డాలూ పట్టొచ్చు. విజార్డ్ (మంత్రగాడు) మేజ్ ఆర్మర్ అనే మంత్రం వేసుకుంటే 8 గంటలపాటు 10 బదులు 13 నుంచి లెక్క మొదలవుతుంది. మాంక్, బార్బేరియన్ రెండు క్లాసులూ తీసుకున్నా రెండు రక్షణలూ కలవవు. మొదట తీసుకున్న క్లాసుదే మిగులుతుంది.

తర్వాత అంకెలు. అసలు పని ఇక్కడే ఉంది. వుడ్ ఎల్ఫ్ జాతి మాంక్‌ను చూడండి. గుణాల స్కోర్లు కొనుక్కోవడానికి ఇచ్చే 27 పాయింట్లతో డెక్స్‌టెరిటీ 15, విజ్‌డమ్ 15, కాన్‌స్టిట్యూషన్ 14, స్ట్రెంత్ 10 కొనుక్కోవచ్చు, మిగతా రెండు గుణాలూ 8. జాతి వల్ల డెక్స్‌టెరిటీ 17, విజ్‌డమ్ 16 అవుతాయి. రెండిటి మాడిఫయర్లూ మూడేసి, కాబట్టి ఏసీ 16. చెయిన్ మెయిల్ (గొలుసు కవచం) తొడిగిన ఫైటర్‌దీ సరిగ్గా అంతే, పైగా అతనికి చప్పుడు కాకుండా నడవడం కష్టం. నాలుగో లెవెల్‌లో వచ్చే రెండు పాయింట్లను డెక్స్‌టెరిటీకి ఒకటి, విజ్‌డమ్‌కు ఒకటి పంచండి, ఏసీ 17.

బార్బేరియన్ సంగతి వేరు. డెక్స్‌టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 16 ఉంటే డాలు లేకుండా ఏసీ 15. స్కేల్ మెయిల్ (పొలుసుల కవచం) వేస్తే 16 వస్తుంది. అయినా ఒట్టి ఒంటితోనే దిగమంటాను, ఆ ఒక్క అంకె కోసం క్యారెక్టర్ స్వభావాన్ని వదులుకోవద్దు.

ఇక కవచం ఎందుకు వేసుకోదో ఒక్క కారణం రాసుకోండి: మఠంలో పెట్టుకున్న నియమమో, తెగ ఆచారమో. అది ఆటలో వినిపించాలి. శత్రువు గురి తప్పినప్పుడు మాంక్ పక్కకు జారిపోయాడని చెప్పండి, బార్బేరియన్ అయితే కత్తి చర్మాన్ని గీరి ఆగిపోయిందని చెప్పండి.

చివరగా మాయా వస్తువులు. బ్రేసర్స్ ఆఫ్ డిఫెన్స్ (ముంజేతి పట్టీలు) ఏసీకి 2 కలుపుతాయి, కవచమూ డాలూ లేకుంటేనే. డాలు పట్టే బార్బేరియన్‌కు వాటివల్ల లాభం లేదు, మాంక్‌కు ఇచ్చేయండి.