ఈస్టర్ ఆటలు, పనులు: ఇంట్లో చిన్నపిల్లలతో చేయించేటప్పుడు వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

ఈస్టర్ రోజుల్లో ఇంట్లో పిల్లలతో మొదలుపెట్టిన పనులు చాలాసార్లు సగంలోనే ఆగిపోతాయి. గుడ్డుకు రంగు అంటదు, విత్తనం సమయానికి మొలవదు, దాచిన గుడ్లను వెతికే గుడ్ల వేట ఏడుపుతో ముగుస్తుంది. పిల్లలకు ఓపిక లేదని పెద్దలు వెంటనే తేల్చేస్తారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. లోపం చాలావరకు వస్తువులోనో, వేళలోనో, ఆ వయసు చేతులకు మించిన పని అప్పగించడంలోనో ఉంటుంది. అందుకే కింద ప్రతి సమస్యలోనూ ముందు వాటినే వెతికాను. రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాను.

గుడ్డుకు రంగు సరిగా అంటడం లేదు

రంగు మచ్చలు మచ్చలుగా వస్తే కారణం జిడ్డు. నూనె చేతులతో పట్టుకున్న చోట పెంకు మీద రంగు నిలవదు. ఉడికిన గుడ్లను చల్లార్చి, వెనిగర్‌లో ముంచిన మెత్తని బట్టతో తుడిచి, ఆరనివ్వండి. పిల్లల చేతులు కడిగించాకే పని మొదలుపెట్టండి.

గుడ్డు మొత్తం వెలిసినట్టు కనిపిస్తే రంగునీళ్లలో వెనిగర్ వేయడం మరిచిపోయి ఉంటారు. ఫుడ్ కలర్ పెంకుకు గట్టిగా పట్టాలంటే ఆ నీటికి కాస్త పులుపు కావాలి. అర కప్పు వేడి నీటికి ఒక టీ చెంచా వెనిగర్, 10 నుంచి 20 చుక్కల రంగు వేస్తే 5 నిమిషాల్లో మంచి రంగు వస్తుంది. నీళ్లు గోరువెచ్చగా మారాకే పిల్లలను దగ్గరికి రానివ్వండి. రంగు ఇంకా బాగా పడుతుందని వెనిగర్ ఎక్కువ పోయకండి, పెంకు కరగడం మొదలవుతుంది. గోధుమ రంగు పెంకు మీద లేత రంగులు తేలవు కాబట్టి తెల్ల గుడ్లు ఎంచుకోండి.

పసుపు, ఉల్లిపొట్టు, ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లతో చేసేవారికి ఎదురయ్యే సమస్య వేరు. ఎంతసేపు చూసినా గుడ్డు తెల్లగానే కనిపిస్తుంది. ఈ రంగులకు కొన్ని గంటలు పడుతుంది, క్యాబేజీ నీళ్లలోనైతే గుడ్డును రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితేనే బాగుంటుంది. దీన్ని రెండు రోజుల పనిగా అనుకుంటే చిక్కు ఉండదు. సాయంత్రం గుడ్లు ముంచి, తెల్లారేసరికి ఏ రంగులో ఉంటాయో పిల్లలనే ఊహించమనండి. చెప్పిన రంగుతో ఒక కాగితం మీద చుక్క పెట్టించండి. ఊదాగా కనిపించే క్యాబేజీ నీళ్లలోంచి తెల్ల గుడ్డు నీలంగా బయటికి వస్తుంది. ఊహ తప్పినప్పుడు ఎందుకలా జరిగిందని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమైనా ఈ పని చేయించాలి.

రంగులో ముంచేముందు క్రేయాన్‌తో పేరులోని మొదటి అక్షరం రాస్తే, మైనం ఉన్న చోట రంగు అంటక అక్షరం తేలుతుంది. తేలకపోతే గుడ్డు తడిగా ఉండి ఉంటుంది, లేదా క్రేయాన్‌ను గట్టిగా నొక్కి ఉండరు. తెల్ల గుడ్డు మీద తెల్ల క్రేయాన్‌తో రాయమంటే ఏం రాస్తున్నారో పిల్లలకే కనిపించదు. లేత పసుపు క్రేయాన్ ఇవ్వండి.

గుడ్లు ఉడికేటప్పుడే పగులుతుంటే, ఫ్రిజ్‌లోంచి తీసినవాటిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తున్నారన్నమాట. చల్లని నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. ఉడికించిన గుడ్డు 2 గంటలకు మించి బయట ఉంటే దాన్ని ఆటకే వాడండి, తినిపించవద్దు.

వెనిగర్‌లో వేసిన గుడ్డు పెంకు కరగడం లేదు

ఈ వయసు పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగం ఇంట్లో దొరకడం కష్టం. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. గుడ్డు పెంకులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ గుడ్డు చుట్టూ బుడగలుగా కనిపిస్తుంది. చివరికి పల్చని పొర, దాని లోపల పచ్చి గుడ్డు మిగులుతాయి.

ఒక రోజు గడిచినా పెంకు గట్టిగానే ఉంటే మూడు విషయాలు చూడండి. గుడ్డు పూర్తిగా మునిగిందా? బుడగలు పట్టి పైకి తేలితే బయట ఉన్న భాగం కరగదు, దాని మీద ఒక చెంచా ఆనించండి. వెనిగర్ చాలినంత ఉందా? 24 గంటలయ్యాక పాతది పారబోసి కొత్తది పోయండి, ఆమ్లం అప్పటికే చాలావరకు ఖర్చయి ఉంటుంది. వెనిగర్‌లో నీళ్లు కలిపారా? కలపకండి. మామూలు వంట వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం దాకా ఉంటుంది, దానితో మొత్తం పని సుమారు 48 గంటల్లో పూర్తవుతుంది. సీసా మూత మాత్రం బిగించవద్దు, వాయువు బయటికి పోవాలి.

గుడ్డు పిల్లల చేతిలో చితికిపోతే అది వారి తప్పు కాదు. అంత మెత్తని వస్తువును ఎంత బలంతో పట్టుకోవాలో చేతికి ఇంకా తెలియదు. అంచులున్న పళ్లెం మీద, తెరిచిన అరచేతిలో దొర్లించమని చెప్పండి. లోపల ఉన్నది పచ్చి గుడ్డే కాబట్టి తరువాత చేతులను 20 సెకన్లు సబ్బుతో కడిగించాలి. మూడేళ్ల లోపు పిల్లలకైతే ఉడికిన గుడ్డునే వెనిగర్‌లో వేసి ఇవ్వండి. అది రబ్బరులా మెత్తబడుతుంది కానీ చితికి కారదు.

రెండు రోజులు ఎదురుచూడటం పిల్లలకు విసుగే. ఆ వ్యవధిని పనితో నింపండి. ఉదయం, సాయంత్రం గుడ్డు బొమ్మ గీయించండి. దాని చుట్టూ దారం చుట్టి, కొలత దగ్గర కత్తిరించి, కాగితం మీద అంటించండి. పెంకు పోయిన రెండు గుడ్లలో ఒకదాన్ని మంచినీళ్లలో, మరొకదాన్ని చిక్కని పంచదార పాకంలో ఒక రోజు ఉంచండి. పాకం చల్లారి ఉండాలి. నీళ్లలోది ఉబ్బుతుంది, పాకంలోది ముడుచుకుపోతుంది. మళ్లీ దారంతో కొలిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. పొరలోంచి నీళ్లు లోపలికీ బయటికీ వెళ్లగలవని చెప్తే చాలు, శాస్త్ర పదాలు తరువాత నేర్చుకుంటారు.

గుడ్ల వేట గొడవగా మారుతోంది

పెద్ద పిల్లలు అన్నీ ఏరుకుంటారు, చిన్నవారు ఖాళీ బుట్టతో మిగులుతారు. అందరికీ ఒకే వేట పెట్టడం దీనికి కారణం. ఒక్కొక్కరికి ఒక రంగు కేటాయించండి. మరొకరి రంగు కనిపిస్తే ముట్టుకోకుండా, ఎక్కడుందో మాటలతో సాయం చేయాలన్నది నియమం. గొడవ తగ్గుతుంది, మాటా పెరుగుతుంది.

దాచే చోటు వయసును బట్టి మారాలి. రెండేళ్ల పిల్లలకు గుడ్డు కళ్లెదుటే ఉండాలి. నాలుగేళ్లవారికి 'బల్ల కింద', 'తలుపు వెనుక', 'రెండు దిండ్ల మధ్య' అని చెప్పి వెతికించండి. చదవడం మొదలుపెట్టినవారికి ఒక గుడ్డులో దొరికిన చీటీ తరువాతి గుడ్డు దగ్గరికి దారి చూపాలి. ఎన్ని దాచారో, ఎక్కడ దాచారో మీరు రాసి పెట్టుకోండి. ప్లాస్టిక్ గుడ్ల లోపల గుండ్రని మిఠాయిలు, చిన్న బొమ్మలు పెట్టడం వాడుక. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే అవి గొంతులో అడ్డుపడతాయి. వాటికి బదులు ఒక పెద్ద బొమ్మను ముక్కలుగా కత్తిరించి గుడ్డుకొకటి పెట్టండి. అన్ని ముక్కలూ కలిస్తేనే బొమ్మ పూర్తవుతుంది కాబట్టి అందరూ ఒకచోటికి చేరతారు.

అక్షరాలు జతచేస్తున్నారు కానీ చదవలేకపోతున్నారు

ప్లాస్టిక్ గుడ్డు పై సగం మీద అక్షరం, కింది సగం మీద దానితో మొదలయ్యే బొమ్మ పెట్టి కలపమంటే, పిల్లలు చకచకా కలిపేస్తారు. తీరా కాగితం మీద అదే అక్షరం చూపిస్తే చెప్పలేరు. రెండు సగాల రంగూ ఒకటే కావడం వల్ల వారు అక్షరం చూడకుండా రంగు చూసి కలిపారు. సగాలను తారుమారు చేసి, ఎరుపుకు పచ్చ, పసుపుకు నీలం వచ్చేలా రాయండి. అప్పుడు అక్షరం చూడక తప్పదు.

గుణింతానికి ఈ గుడ్లు మరీ అనుకూలం. ఒక సగం మీద 'క', మరో సగం అంచు చుట్టూ 'ఆ, ఇ, ఈ, ఉ, ఊ' రాయండి. గుడ్డు తిప్పుతూ కా, కి, కీ, కు, కూ అని పలికించండి. ఇంకాస్త ముందున్నవారికి ఒకవైపు 'ల' ఉంచి, రెండోవైపు 'క, త, వ, అ' రాస్తే తిప్పినకొద్దీ కల, తల, వల, అల వస్తాయి.

పది వరకు చెప్తారు, ఆరు గుడ్లు ఇమ్మంటే గుప్పెడు ఇస్తారు

సంఖ్యల వరుస నోటికి వచ్చింది కానీ ఒక మాటకు ఒక వస్తువు అన్న లంకె ఇంకా కుదరలేదు. గుడ్లు పెట్టే అట్ట ట్రే తీసుకోండి. ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు పెడుతూ, చేతిలోది వదిలినప్పుడే అంకె చెప్పించండి. ముందు మూడు వరకే చేయించండి.

కత్తెర పని మధ్యలో వదిలేస్తున్నారు

గుడ్డు ఆకారాన్ని వంపు తిరిగిన గీత వెంట కత్తిరించడం మూడేళ్ల చేతికి అసాధ్యం. సన్నని కాగితం పట్టీలు ఇచ్చి, ఒక్క కోతతో తెగే ముక్కలు చేయించండి. కత్తెర వద్దంటే రంగు కాగితాలు చింపించండి, వేళ్ల బలానికి అదీ మంచి సాధనే. మీరు కత్తిరించిన గుడ్డు ఆకారం మీద ఆ ముక్కలను అంటిస్తారు. ముందే మీ చేత్తో చేసిన నమూనా చూపించకండి. దానిలా రాలేదని పిల్లలు పనే మానేస్తారు.

ఈస్టర్ తోట పండుగ నాటికి పచ్చబడలేదు

లోతు తక్కువ పళ్లెంలో మట్టి పోసి, చిన్న కుండీని పక్కకు పడుకోబెట్టి యేసు సమాధిగా చేసి, దాని ముందు గుండ్రని రాయి పెట్టి, పుల్లలతో మూడు సిలువలు నిలిపి, చుట్టూ విత్తనాలు చల్లే పని ఇది. చాలామంది గుడ్ ఫ్రైడే రోజున చల్లుతారు. మొలక కనిపించడానికే ఆవాలకు రెండు మూడు రోజులు పడుతుంది, రెండు ఆకులతో పచ్చగా కనిపించడానికి దాదాపు వారం. ఆవాలైతే ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, గోధుమలైతే అంతకు నాలుగు రోజుల ముందు చల్లండి.

తేదీ ఏటా మారడం వల్ల కూడా ఈ పొరపాటు జరుగుతుంది. చర్చి లెక్క ప్రకారం మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. అందుకే మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. ఆర్థొడాక్స్ చర్చిల్లో అధిక భాగం జూలియన్ క్యాలెండర్‌తో లెక్కిస్తాయి, 2026లో వారి ఈస్టర్ ఏప్రిల్ 12. పిల్లలతో రోజూ రాత్రి చంద్రుణ్ణి చూపించి గీయిస్తే తోటకూ చందమామకూ ఉన్న సంబంధం వారికి అర్థమవుతుంది.

మొలకలు పాలిపోయి పొడుగ్గా సాగితే వెలుతురు చాలలేదు, కిటికీ దగ్గరికి జరపండి. బూజు పడితే నీళ్లు ఎక్కువయ్యాయి. పిల్లల చేతికి చెంబు కాకుండా నీళ్లు చిమ్మే సీసా ఇవ్వండి.

కథ విని పిల్లలు భయపడుతున్నారు

విశ్వాసం ఉన్న ఇళ్లలో ఈ పండుగకు ప్రాణం యేసు సిలువ మీద మరణించి మళ్లీ లేచిన కథే. దాన్ని జాగ్రత్తగా చెప్పాలి. మేకులు, రక్తం వంటి వివరాలు నాలుగేళ్లవారి మనసులో విడిగా నిలిచిపోతాయి. శుక్రవారం కథ చెప్పి, మిగతాది ఆదివారం చెప్తామని ఆపడం మరో కారణం. రెండు రోజులు ఆ భయంతోనే నిద్రపోతారు. ఒకే కూర్చోవడంలో ఆదివారం ఉదయం వరకు చెప్పేయండి. మరీ చిన్నవారికి యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ తెల్లవారుజామున సమాధి దగ్గరికి రావడం, రాయి తొలగి ఉండటం నుంచే మొదలుపెట్టవచ్చు. నాలుగు సువార్తల్లోనూ ఆ సంగతి ఉంది.

గాడిద బొమ్మ, రొట్టె ముక్క, పుల్లల సిలువ, తెల్ల బట్ట, రాయి వరుసగా గుడ్లలో పెట్టి, చివరి గుడ్డును ఖాళీగా ఉంచి చెప్పే పద్ధతి చాలా బాగుంటుంది. అయితే ఖాళీ గుడ్డు తెరిచిన పిల్లలు తమకేమీ దొరకలేదని ఏడుస్తారు. తెరవకముందే "ఇందులో ఏముంటుందో ఊపి చూడు" అని అడగండి. చప్పుడు రాదు. "సమాధి కూడా ఇలాగే ఖాళీగా ఉంది, ఆయన లేచాడు" అని వెంటనే చెప్పండి.

"కుందేలు గుడ్లు పెడుతుందా?" "ఫ్రిజ్‌లోని గుడ్డు పొదిగితే పిల్ల వస్తుందా?"

పండుగ బొమ్మల్లో కుందేలూ గుడ్లూ పక్కపక్కనే ఉండటంతో మొదటి సందేహం వస్తుంది. నవ్వి వదిలేయకుండా సమాధానం చెప్పండి. కుందేలు పిల్లల్ని కని పాలు ఇస్తుంది. ఇక రెండోది. తినడానికి అమ్మే గుడ్లు సాధారణంగా పుంజు కలవని కోళ్లు పెట్టినవి కాబట్టి వాటిలో పిల్ల పెరగదు. పెరిగే గుడ్డుకైనా సుమారు 21 రోజుల వెచ్చదనం కావాలి. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలు గుడ్డును దుప్పటిలో చుట్టి రోజుల తరబడి ఎదురుచూస్తారు.

ఆ వెంటనే జంతువుల బొమ్మలు పరిచి, గుడ్లు పెట్టేవి ఒకవైపు, పిల్లల్ని కనేవి మరోవైపు పెట్టించండి. తాబేలు, పాము, కప్ప, సీతాకోకచిలుక, పిల్లి, ఏనుగు ఉంటే చాలు. గబ్బిలం దగ్గర తడబడే అవకాశం ఎక్కువ, దాన్ని చివరికి ఉంచండి.