పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక శబ్దం రాకపోతే

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న తరువాత శబ్దం వినబడకపోతే, సౌండ్ కార్డు పోయిందనుకుని అమలాపురమో రాజమహేంద్రవరమో మరమ్మతుకు మోసుకుపోయే ముందు, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, శబ్ద స్థాయిలను సరిచేసే ఆల్సామిక్సర్ (alsamixer) అన్న మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి, ఎంటర్ నొక్కి చూడండి. ఎఫ్6 నొక్కితే కార్డుల జాబితా వస్తుంది; అందులో టీవీకి శబ్దం పంపే హెచ్‌డీఎంఐది (HDMI) కాకుండా అసలు కార్డును ఎంచుకోవాలి. మాస్టర్, స్పీకర్ పట్టీల కింద ఎంఎం (MM) అని కనిపిస్తే అవి మూసి ఉన్నట్టు. బాణం మీటతో అక్కడికి వెళ్లి ఎం నొక్కితే తెరుచుకుంటాయి, ఆపై పైకి చూపే బాణంతో స్థాయి పెంచుకోవచ్చు. చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది.

కాలువల పక్కన, ఏడాదిలో సగం రోజులు తేమగా ఉండే మా కోనసీమ ఇళ్లలో మరో చిక్కు ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రం లోపలి రేకులకు చిలుము పట్టి, ఏమీ గుచ్చకపోయినా గుచ్చినట్టే భావించిన యంత్రం స్పీకర్లను ఆపివేస్తుంది. అప్పుడు హెడ్‌ఫోన్ పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీయండి. ఫలితం లేకపోతే ఆల్సామిక్సర్‌లోనే కుడివైపు చివర ఉండే ఆటో మ్యూట్ మోడ్‌ను, మీ కార్డులో అది ఉంటే, డిజేబుల్డ్‌కు మార్చి, సౌండ్ సెట్టింగులలో అవుట్‌పుట్‌గా స్పీకర్లను ఎంచుకోండి.