సంక్రాంతికి పండుమిరప: కుండీలో, గింజ నుంచి

పచ్చిమిరపకాయలు ఏడాది పొడవునా దొరుకుతాయి. చెట్టు మీదే ఎర్రబడి, ఇంకా కండ తగ్గని పండుమిరపకాయ మాత్రం చలికాలంలో కొద్ది రోజులే సంతకు వస్తుంది. పుట్టిల్లు గుంటూరు జిల్లా, కాపురం హైదరాబాదులో అయిన నేను మిద్దె మీద మిరప వేసేది ఆ ఎర్రకాయ కోసమే, పచ్చడి కోసమే. కాబట్టి నా లెక్క సంక్రాంతి నుంచి వెనక్కి వేసుకున్నది: పుష్యమి కార్తెలో, అంటే జూలై చివర గింజ; సెప్టెంబరు మొదట్లో కుండీలోకి నారు; డిసెంబరు నుంచి ఎర్రకాయ.

వంటింటి ఎండుమిర్చి దులిపి ఆ గింజలే వేసేవారు చాలామంది. మొలుస్తాయి కూడా. కానీ మార్కెట్‌కు వచ్చేది చాలావరకు హైబ్రిడ్ కాయ. దాని గింజ నుంచి వచ్చిన మొక్క ఎలా కాస్తుందో చెప్పలేం. సూటి రకం, అంటే గింజ వేస్తే తల్లి మొక్కలాగే కాసే హైబ్రిడ్ కాని రకం విత్తనం కొనండి. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 వంటి సన్నకాయ రకాలు కారానికి మంచివి. వరంగల్ వైపు చపాటా కాయకు రంగు ఎక్కువ, కారం తక్కువ. రెండు సన్నాల మొక్కలకు ఒక చపాటా మొక్క వేసుకుంటే పచ్చడికి కారమూ రంగూ రెండూ కుదురుతాయి.

నారుకు కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమంగా కలిపి ట్రేలో నింపండి. గింజను అర సెంటీమీటరు లోతులో పెట్టి, నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టా కప్పండి. మిరప మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి చాలు. వారం, పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. కనిపించిన రోజే పట్టా తీసేయాలి, లేకపోతే నారు పాలిపోయి సాగుతుంది.

నారు దశలో అసలు శత్రువు నారుకుళ్లు. నిన్న నిటారుగా ఉన్న మొలక ఈ రోజు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతుంది. అతి తడి వల్లే ఇది వస్తుంది. సాయంత్రం నీళ్లు వద్దు. పైపొర కాస్త ఆరాక, ఉదయం పూటే చిలకరించండి. విత్తే ముందే మిశ్రమంలో ట్రైకోడెర్మా (మొక్కకు మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపితే ఇంకా మంచిది. ఆ నెలల్లో ముసురు పడుతుంది కాబట్టి, ట్రేను వెలుతురు వచ్చే చూరు కిందే ఉంచాలి.

నాలుగైదు వారాలకు, ఆరు ఆకులు వచ్చాక, 12 అంగుళాల కుండీకి ఒక్క మొక్క చొప్పున సాయంత్రం పూట నాటండి. సగం ఎర్రమట్టి, మిగతా సగం చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. అడుగున రంధ్రాలు మూసుకుపోకూడదు, నీరు నిలిస్తే మిరప బతకదు. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి.

ఇక ముడత. దీని దగ్గరే చాలామంది మిరప మానేస్తారు, నాకు అదే బాధ. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని. తెల్ల కాగితం మీద పువ్వును దులిపితే సన్నగా పాకుతూ కనిపిస్తాయి. అంచులు కిందికి ముడుచుకుని, ఆకు కాడ సాగితే అది నల్లి. మొదటిదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగు తడిసేలా వారానికోసారి కొట్టండి. నల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. వేపనూనెకూ గంధకానికీ రెండు వారాల ఎడం ఉండాలి, లేకపోతే ఆకు మాడుతుంది. ఆకులు పసుపు పచ్చగా మచ్చలు కట్టి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు. పీకేసి, పక్క మొక్కలను కాపాడుకోండి.

పూత వచ్చాక పశువుల ఎరువు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. అప్పుడు చిటికెడు కట్టెల బూడిద చాలు.

పచ్చికాయ కోస్తూ ఉంటే మొక్క మళ్లీ పూస్తుంది. ఎర్రబడేదాకా వదిలితే కొత్త పూత తగ్గుతుంది. అందుకని వంటకు ఒక మొక్క, పండుకు మిగిలినవి అని ముందే విడదీయండి. నిండుగా పెరిగిన పచ్చికాయ ఎర్రబడటానికి దాదాపు నెల పడుతుంది. రంగు తిరిగేటప్పుడు నీళ్లు కాస్త తగ్గిస్తాను.

కాయను తొడిమతోనే కోసి, తొడిమతోనే కడిగి, పూర్తిగా ఆరాక మాత్రమే తొడిమ తీయండి. ముందే తీస్తే లోపలికి నీరు చేరి పచ్చడి బూజు పడుతుంది.

వచ్చే ఏటికి గింజ కావాలంటే, సన్నాల మొక్కలో ఒక కొమ్మకు మొగ్గ దశలోనే పలుచటి మల్లు గుడ్డ సంచి కట్టండి. తేనెటీగలు చపాటా పుప్పొడి తెచ్చి కలపకుండా ఉంటాయి. కాయలు కట్టాక సంచి తీసి, ఆ కొమ్మకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. పూర్తిగా పండిన కాయల గింజలను నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం మీద రకం పేరూ సంవత్సరమూ రాసి పొడిచోట దాచండి.