ఖరీదైన వాచీ మొదటిసారి కొంటున్నారా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు

లక్షల్లో పలికే స్విస్ వాచీ కోసం మనవాళ్లు విశాఖో, హైదరాబాదో వెళ్తుంటారు. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైనే. కౌంటరు దగ్గర ఒక్కటి చూడడం మరిచిపోతే మళ్లీ ఆ దారంతా తిరగాలి. అల్లుడికి పెట్టే వాచీ అయితే ముహూర్తం ఆగదు కూడా. కాబట్టి సగం పని ఇంటి దగ్గరే తెమల్చుకోండి.

ముందు ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో డీలర్ల జాబితా తెరిచి షాపు పేరు, వీధి సరిచూడండి. షాపు బోర్డు మీద కంపెనీ గుర్తు ఉన్నంత మాత్రాన అధీకృత డీలరు అనుకోకూడదు. టిస్సోకు డీలరైన షాపు ఒమెగాకు కాకపోవచ్చు, ఏ కంపెనీకి ఆ కంపెనీ చూసుకోవాల్సిందే. తర్వాత ఫోన్ చేసి, మోడల్ రిఫరెన్స్ నంబరు చెప్పి, సరుకు ఉందా, అది అమ్మకానికేనా అని అడగండి. రోలెక్స్ షాపుల్లో కొన్ని వాచీలు చూపడానికే పెడతారు. స్టీలు స్పోర్ట్స్ మోడళ్లకు పేరు రాయించుకుని ఆగాల్సి రావచ్చు. ‘ఇది కొంటే అది తొందరగా ఇప్పిస్తాం’ అంటే, మొదటిది నిజంగా నచ్చితేనే కొనండి.

సైజు తేల్చుకోడానికి మణికట్టుకు దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. 16, 17 సెంటీమీటర్లొస్తే 36 నుంచి 40 మిల్లీమీటర్ల కేసు (డయల్ చుట్టూ ఉండే లోహపు చట్రం) సాధారణంగా నప్పుతుంది. కేసు వెడల్పు కన్నా ముఖ్యం, బెల్టు తగిలించే కొమ్ములు పైనుంచి కిందికి ఎంత పొడవున్నాయన్నది. అవి మణికట్టు దాటి బయటికొస్తే ఎంత గొప్ప వాచీ అయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది.

డబ్బు సంగతి. 2 లక్షలు, ఆపైన షాపువాళ్లు నగదు తీసుకోకూడదు, రెండు బిల్లులుగా విడగొట్టినా చెల్లదు. 2 లక్షలు దాటితే పాన్ కావాలి. 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే షాపువాళ్లు పట్టుకునే ఆదాయపు పన్ను) అదనంగా వసూలు చేస్తారు. రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. కార్డు రోజువారీ పరిమితి ముందురోజే పెంచుకోండి, చాలామంది కౌంటరు దగ్గర ఇక్కడే ఇరుక్కుంటారు. తగ్గింపు అడగడానికి మొహమాటం వద్దు. రోలెక్స్‌లో దొరకదు గానీ మిగతా చాలా కంపెనీల్లో ఎంతోకొంత, కాకపోతే అదనపు బెల్టైనా, ఇస్తారు.

కౌంటరు దగ్గర మాత్రం తొందరపడకండి. వాచీ మీది సీరియల్ నంబరు, వారంటీ కార్డు మీది, బిల్లు మీది, మూడూ ఒకటే కావాలి. కార్డు మీద కొన్న తేదీ, డీలరు వివరాలు మీ ఎదుటే నింపించండి. రోలెక్స్, ఒమెగా, ట్యూడర్‌లకు 5 ఏళ్ల వారంటీ ఆ తేదీ నుంచే లెక్క. తేదీ ఖాళీగా ఉంటే రేపు సర్వీసు సెంటరులో వాదించాల్సింది మీరే. డబ్బా మీద ఎమ్మార్పీ, దిగుమతిదారు పేరున్న చీటీ చూడండి. చైను లింకులు అక్కడే తీయించి, తీసినవి లెక్కపెట్టి డబ్బాలో వేసుకోండి. మన ఎండకు మధ్యాహ్నానికి చెయ్యి కాస్త ఉబ్బుతుంది, అందుకని చిటికెన వేలు దూరేంత సందు ఉంచమనండి. తోలు బెల్టు చెమటకు ఏడాదికే పాడవుతుంది. ఇక్కడికి చైనో రబ్బరో మేలు.

సెల్లు వాచీకి అలవాటుపడ్డవాళ్లు ఆటోమేటిక్ (సెల్లు లేకుండా చేతి కదలికతో నడిచే వాచీ) రోజుకు కొన్ని సెకన్లు తప్పితే కంగారుపడతారు. కాస్క్ (టైము కచ్చితత్వాన్ని పరీక్షించే స్విస్ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న మెషినుకే రోజుకు −4 నుంచి +6 సెకన్ల వరకు తేడా ఒప్పుకుంటారు. ఉన్నట్టుండి నిమిషాల చొప్పున ముందుకు పరిగెడితే చాలాసార్లు అయస్కాంతం పట్టినట్టే, స్పీకరో, ఫోను కవరో కారణం. షాపులో కాసేపట్లో తీసేస్తారు. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 వరకు తేదీ మార్చకండి, పాత తరహా మెషిన్లలో లోపలి చక్రాల పళ్లు విరగొచ్చు. నీటిని తట్టుకునే హద్దు 30 మీటర్లని వాచీ మీద రాసుంటే చేతులు కడుక్కోడానికి సరిపోతుంది, అంతే. కళింగపట్నంలో సముద్రంలో దిగాలంటే కనీసం 100 మీటర్లదై ఉండాలి, పక్కనుండే కీ మరలా తిప్పి బిగించే రకమైతే దాన్ని పూర్తిగా బిగించి ఉండాలి. ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడగండి.