గేమ్ ల్యాగ్ కొడుతోందా? ర్యామ్ కొనే ముందు ఇవి చూడండి

పోయిన ఎండాకాలం మా చిన్నాన్న కొడుకు ఎమ్మార్ పల్లి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, గేము ఊరికే ల్యాగ్ కొడతా ఉండాది. ఇంకో ర్యామ్ ఏపిస్తే సరిపోతాదా?" అంగడికి పోవడానికి బండి కూడా బయటికి తీసి పెట్టుకున్నాడు. ఆగరా అబ్బయ్యా అని ఒకటే అడిగినాను: "ఆట మొదలుపెడతానే కొడతాందా, కొంచేపు ఆడినాకా?" ఒక పది పదిహేను నిమిషాలు బాగానే పోతాదంట, ఆ తర్వాత నత్తనడక. ర్యామ్ తక్కువైతే అలా ఉండదు. సగం జబ్బు అక్కడే తెలిసిపోయింది.

ల్యాగ్ అని అందరం ఒకే మాట వాడతాం గానీ దాని కింద వేరువేరు జబ్బులున్నాయి. మందు కూడా వేరువేరు. అందుకే ముందుగా గేమ్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద గీసే బొమ్మలు, అంటే ఫ్రేములు), పింగ్ (మన మాట గేమ్ నడిపే కంప్యూటర్, అంటే సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) రెండు అంకెలూ తెరమీద కనిపించేలా పెట్టుకోండి. ల్యాగ్ కొట్టిన క్షణంలో ఏ అంకె కదిలిందో చూడండి. ఎఫ్‌పీఎస్ 60 నుంచి 20కి పడి, పింగ్ నిలకడగా ఉంటే తప్పు కంప్యూటర్‌ది. ఎఫ్‌పీఎస్ బాగుండి, పింగ్ 40 నుంచి 300కి ఎగిరితే నెట్‌ది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా డబ్బులు ఖర్చు పెట్టొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను.

కాసేపు బాగా నడిచి తర్వాత మందగిస్తే

ఇది వేడి. మన తిరుపతిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, డాబా గదుల్లో రాత్రి తొమ్మిదికి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. ల్యాప్‌టాప్ ఫ్యాను పీల్చుకునేది ఆ గాలినే. చల్లటి గదిలో 82 డిగ్రీల దగ్గర ఉండే ప్రాసెసర్ ఈ గదిలో 95 దాటుతుంది. కాలిపోకుండా తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ కింద సీపీయూ (అంటే ప్రాసెసరే) స్పీడ్ చూడండి. ఆట మొదట్లో 3.5 గిగాహెర్ట్జ్ ఉన్నది ల్యాగ్ సమయానికి 1.5 కిందికి దిగిపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

మావాడి ల్యాప్‌టాప్ నేనే విప్పినాను. అడుగు మూత తీయగానే పైకి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యానుకీ, వేడి బయటికి పోయే సన్నటి రాగి రేకులకీ మధ్య మాత్రం దుమ్ము పేరుకుని దూదిపరుపు ముక్కలాగా గట్టిపడి ఉంది. పట్టకారతో పట్టుకుని లాగితే ఒకే పట్టీగా ఊడివచ్చింది. గాలి బయటికి పోయే దారే లేనప్పుడు ఫ్యాను ఎంత తిరిగి ఏం లాభం? మీరు విప్పితే ముందు ఛార్జర్ తీసేసి, బ్యాటరీ వైరు ఊడదీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి, గిరగిరా తిరిగితే బేరింగు పోతుంది. మూడు నాలుగేళ్ళయిన మెషిన్ అయితే ప్రాసెసర్ వేడిని పైనున్న రాగి రేకుకి అందించే పాత థర్మల్ పేస్టు ఎండి పెచ్చులైపోయి ఉంటుంది. దాన్ని తుడిచేసి కొత్తది కందిబేడంత పెడితే చాలు. వారంటీ ఉంటే మాత్రం విప్పకుండా సర్వీసుకే ఇవ్వండి.

విప్పడం భయమైతే ముందు పరుపు మీద పెట్టి ఆడటం మానేయండి. వెనకవైపు రెండంగుళాలు ఎత్తు పెట్టండి. గేమ్‌లో ఫ్రేమ్ లిమిట్ 60కి కట్టేయండి. 60 హెర్ట్జ్ తెర ఉన్నవాళ్ళకి 120 ఫ్రేములు గీసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, వేడి తప్ప.

మొదటి నిమిషం నుంచే ఎఫ్‌పీఎస్ తక్కువుంటే

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడుతున్నారా చూడండి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు పూర్తి శక్తితో పనిచేయదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అని ఉంటుంది, అక్కడ మీ గేమ్‌ని ఎంచుకుని హై పర్ఫార్మెన్స్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనక్కి వెళ్ళి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. వేలకు వేలు పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొని, కేబుల్ మదర్‌బోర్డుకే తగిలించినవాళ్ళని ఇద్దరిని నేనే చూశాను. కార్డుకి మార్చిన నిమిషంలోనే ఆట మారిపోయింది.

బాగానే నడుస్తూ మధ్యమధ్యలో ఒక సెకను బిగుసుకుపోతే

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం కొడుతుంటే గేమ్ పాత హార్డ్ డిస్క్ మీద ఉన్నట్టు. దానికన్నా ఎంతో వేగమైన ఎస్‌ఎస్‌డీకి మార్చండి. మెమరీ 90 శాతం దాటుతుంటే అప్పుడు ర్యామ్ కొనండి, అంతకుముందు బ్రౌజర్ మూసి ఒకసారి ఆడి చూడండి. ర్యామ్‌కి రెండు స్లాట్లుంటే 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు వేయించుకోవడం మేలు.

గేమ్‌లో మన మనిషి ముందుకు పరిగెత్తి వెనక్కి లాగినట్టయితే

ఇది నెట్. ఇందులో తప్పు ఇంట్లోదా బయటిదా తేల్చాలి. కమాండ్ ప్రాంప్ట్ (ఆజ్ఞలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి రౌటర్‌కి పింగ్ పెట్టండి: ping అని కొట్టి, దాని అడ్రసు రాసి, ఆగకుండా నడవడానికి చివర -t చేర్చండి. దాని అడ్రసు మామూలుగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. ఇంకో నల్ల కిటికీలో బయట ఉండే గూగుల్ అడ్రసు 8.8.8.8కి ఇలాగే పెట్టండి. రెండూ ఆగకుండా నడుస్తుంటే ఆట ఆడండి.

రౌటర్ పింగే 2 నుంచి 150కి ఎగిరితే వైఫై తప్పు. పక్క ఇళ్ళ వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద తొక్కిసలాడుతుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, కానీ అది గోడలు దాటి ఎక్కువ దూరం రాదు. నన్నడిగితే రౌటర్ నుంచి కంప్యూటర్‌కి గది కిటికీ మీదుగా ఒక ల్యాన్ కేబుల్ లాగేయండి. ఎన్ని సెట్టింగులు మార్చినా అంత నిలకడ రాదు.

రౌటర్ బాగుండి బయటి పింగ్ మాత్రమే ఎగురుతుంటే ఇంట్లో ఎవరి ఫోన్ ఏం ఎక్కిస్తోందో కనుక్కోండి. మా ఇంట్లో ఒకసారి అమ్మ ఫోన్ పెళ్ళి వీడియోలన్నీ బ్యాకప్‌కి పంపుతోంది. అప్‌లోడ్ దారి నిండిపోతే మన గేమ్ ప్యాకెట్లు సర్వదర్శనం క్యూలో నిలబడ్డట్టే. బ్యాకప్‌ని తెల్లవారుజామున చేసుకునేలా చూడండి, లేదా రౌటర్‌లో క్యూఓఎస్ (ఎవరికి ఎంత నెట్ ఇవ్వాలో పంచే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్‌కి మీ అప్‌లోడ్ స్పీడులో 85 శాతం దగ్గర హద్దు పెట్టండి.

సర్వర్ ఏ ఊరిదో కూడా చూడండి. కౌంటర్ స్ట్రైక్ 2కి చెన్నైలో ఉంది, వాలొరెంట్‌కి ముంబైలో ఉంది. పొరపాటున సింగపూర్ ఎంచుకుంటే తిరుపతి నుంచి సుమారు 3,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి తీగ తిన్నగా పరిచినా పోయి రావడానికే 30 మిల్లీసెకన్లు. ఏ ప్లాన్ కొన్నా అది తగ్గదు.

ఇంట్లో ఎవరూ వాడకపోయినా రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకానే పింగ్ ఎగురుతుంటే నెట్ ఇచ్చేవాళ్ళతో మాట్లాడాల్సిందే. "నెట్ స్లో" అంటే స్పీడ్ టెస్ట్ చేసి బాగుందనేసి పోతారు. కేబుల్‌తో రౌటర్‌కి పెట్టిన పింగ్, బయటికి పెట్టిన పింగ్, ట్రేస్‌రూట్ (మన ప్యాకెట్లు ఏ దారిన పోతున్నాయో చూపే ఆజ్ఞ), మూడింటినీ టైము కనిపించేలా మూడు రాత్రులు స్క్రీన్‌షాట్లు తీసి పంపండి.